తాతగారి పైపును పాలిష్‌కి ఇవ్వకండి

ప్రశ్న: నమస్తే సార్. నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా తాతగారు చీరాలలో ఒక పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసేవారు. మొన్న సంక్రాంతికి ఊళ్లో ఇల్లు సర్దుతుంటే ఆయన ట్రంకుపెట్టెలో ఒక పాత పొగతాగే పైపు దొరికింది. బదిలీ మీద వెళ్లిపోతూ ఒక దొర ఇచ్చాడట. దాని మీద ‘బార్లింగ్స్ మేక్’, ‘యీ ఓల్డ్ వుడ్’ అని ఉంది. గిన్నె నుంచి బయటికొచ్చే మెడకు వెండి పట్టీ, దాని మీద చిన్న చిన్న గుర్తులు. నోట్లో పెట్టుకునే భాగం మాత్రం ఆకుపచ్చగా పాలిపోయింది. పొగాకు నింపే గిన్నె మీద మంటల్లా పైకి లేచే చారలు చూస్తే కళ్లు తిప్పుకోలేకపోతున్నాను. బఫింగ్ మిషన్‌తో కొత్తదానిలా చేసిస్తానని ఒక పాలిష్ షాపతను అంటున్నాడు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఇలాంటివి ఇంకా సేకరించాలని ఉంది. నెలకు పదివేల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో డన్‌హిల్ అనే ఇంగ్లిష్ కంపెనీ స్ట్రెయిట్ గ్రెయిన్ పైపు ఒకటి చూశాను, తీసుకోవచ్చా? నేను పొగ తాగను. అయినా ఇంట్లోకి పైపులు వస్తే రేపు అలవాటూ వస్తుందని మా ఆవిడకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ షాపుకు ఫోన్ చేయండి. పైపు ఇంకా మిషన్ ఎక్కకపోతే ఉన్నది ఉన్నట్టుగా వెనక్కి తెచ్చుకోండి. అడ్వాన్స్ పోతే పోనివ్వండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

ఎందుకింత కంగారంటే, ఆ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట నా మొదటి డన్‌హిల్ పైపును బాగా మసిబారిందని పాలిష్‌కి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే మెడ మీది అక్షరాలు సగం లేవు. తయారైన సంవత్సరం చెప్పే చిన్న అంకె పూర్తిగా అరిగిపోయింది. ఆ పైపు ఏ ఏడాదిదో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా. షాపతని తప్పేమీ లేదు. మెరిపించమన్నాను, మెరిపించాడు. ఆ అక్షరాలు కర్రలోకి ఎంత పైపైన దిగి ఉంటాయో అతనికి తెలియదు, నాకూ తెలియదు.

మీరు చారల గురించి రాశారు, నేను ముద్రల గురించి మొదలుపెట్టాను. కారణం ఉంది. చారలు కర్రలో లోపలిదాకా ఉంటాయి, పైన కాస్త అరిగినా కింద ఇంకా కనిపిస్తాయి. ముద్ర ఒక్కసారి పోతే మళ్లీ రాదు. పాత ఇంగ్లిష్ పైపు విషయంలో ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ రకంగా లెక్కకట్టారు అన్నదంతా ఆ రెండు మూడు వరుసల్లోనే ఉంటుంది. అందుకే ఎంత అందమైన చారలున్నా ముద్ర చెరిగిన పైపుకు సేకరించేవాళ్లు చాలా తక్కువ ఇస్తారు.

మీ తాతగారి పైపు మీదున్న పేరు చిన్నది కాదు. బార్లింగ్ కుటుంబం లండన్‌లో వెండిపని చేసేవాళ్లు. తమ సంస్థ 1812లో మొదలైందని చెప్పుకునేవారు. బ్రయర్ అనే పొద కర్రతో చేసే పైపులు రాకముందు ఇతర పైపులకు వెండి తొడుగులు చేసేవారు, తర్వాత పైపుల తయారీలోకే దిగారు. మంచి కర్ర కోసం అల్జీరియా దాకా వెళ్లినవాళ్లు. ‘యీ ఓల్డ్ వుడ్’ అనేది బాగా ఆరిన పాత కర్రతో చేసిన తమ మేలు రకానికి వాళ్లు వేసిన ముద్ర. 1960ల మొదట్లో కంపెనీ ఆ కుటుంబం చేతుల్లోంచి పోయింది. ఆ తర్వాత వచ్చిన వాటి మీద ‘బార్లింగ్’ అన్న పేరు చేతిరాతలా వంపులు తిరిగి ఉంటుంది, మోడల్ నంబరుకు నాలుగు అంకెలు ఉంటాయి. మీదాని మీద విడివిడి పెద్ద అక్షరాల్లో ‘బార్లింగ్స్ మేక్’ అని ఉంటే అది కుటుంబం నాటి పైపు అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటివాటికే గిరాకీ. పక్కన ‘ఎల్’, ‘ఈఎల్’, ‘ఎస్ఎమ్’ లాంటి అక్షరాలున్నాయేమో చూడండి. అవి సైజు గుర్తులు. ‘ఈఎల్’ అంటే ఎక్స్‌ట్రా లార్జ్.

ఇక ఆ వెండి పట్టీ. దాని మీది గుర్తులు మన బంగారం హాల్‌మార్క్ లాంటివే, ఇంగ్లండ్‌లో అయితే ఇది శతాబ్దాల నాటి పద్ధతి. నడిచే సింహం బొమ్మ ఉంటే 92.5 శాతం వెండి. చిరుతపులి తల ఉంటే లండన్‌లో, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేయించారని అర్థం. ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఇంకో చోట చేయించినవాళ్ల పొడి అక్షరాలుంటాయి. బార్లింగ్ వాళ్లదైతే అక్కడ ‘ఈబీ’, ‘డబ్ల్యూబీ’ అని ఉండాలి. అవి కనిపిస్తే పట్టీ పైపుతోబాటు పుట్టిందేనని చాలావరకు నమ్మవచ్చు. కనిపించకపోతే మాత్రం కాస్త అనుమానించాలి. పైపు మెడ చీలితే చీలిక కనపడకుండా పట్టీ వేయించడం ఆ రోజుల్లో మామూలే. స్టెమ్, అంటే నోట్లో పెట్టుకునే భాగం, తీసి, మెడ లోపలికి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. పట్టీ అంచు దాటి వెంట్రుకంత గీత పొడవునా వెళ్తుంటే అది రిపేరు పట్టీ. అయినా తాతగారి పైపు తాతగారి పైపే. మీరు డబ్బు పెట్టి కొనే పైపుకే ఈ పరీక్ష ముఖ్యం. ఇలా పట్టీ కింద దాగిన చీలికతో నేను ఒక పైపు కొన్నాను కూడా.

ఇప్పుడు చారల సంగతి. మీకు అవి నచ్చాయంటే నాకు చాలా సంతోషం, నేనూ అక్కడి నుంచే ఈ దారి పట్టాను. బ్రయర్ అనేది మధ్యధరా సముద్రం చుట్టూ, అంటే కోర్సికా, ఇటలీలోని కలాబ్రియా, గ్రీసు, అల్జీరియా లాంటి చోట్ల రాతినేలల్లో పెరిగే ఒక పొద. శాస్త్రీయ నామం ఎరికా ఆర్బోరియా. పైపుకు దాని కొమ్మ పనికిరాదు. కాండానికీ వేళ్లకూ మధ్య నేలలో గడ్డలా ఊరే భాగం ఉంటుంది, అదే కావాలి. పొద ఎండలకూ కార్చిచ్చుకూ తట్టుకుని మళ్లీ చిగురించేది ఆ గడ్డ వల్లే. వేడికి ఓర్చే గుణం దానికి అలా వచ్చింది. పైపుకు పనికొచ్చేంత గడ్డ ఊరాలంటే దశాబ్దాలు పడుతుంది. తవ్వి తెచ్చి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి లోపలి రసం పోగొడతారు. ఆపైన నెలలు, ఒక్కోసారి ఏళ్లు నీడన ఆరబెడతారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోడ్ ఊళ్లో ఈ కర్రతో పైపుల పని ఊపందుకుంది, అక్కడి నుంచి లండన్‌కు పాకింది.

ఆ గడ్డలో నారలు నడిమధ్య నుంచి బయటికి, సూర్యకిరణాల్లా పరుచుకుని ఉంటాయి. నార పొడవునా కనిపించేలా కోస్తే నిలువు చారలు వస్తాయి. నార చివర్లు కనిపించేలా కోస్తే చిన్న చిన్న చుక్కలు గుంపుగా వస్తాయి, వాటిని బర్డ్స్ ఐ అంటారు, పక్షికన్ను. గిన్నె చుట్టూ చారలన్నీ తీగలు లాగినట్టు నిలువుగా ఉంటే స్ట్రెయిట్ గ్రెయిన్. కింద దగ్గరగా మొదలై పైకి పోతూ విచ్చుకుంటే ఫ్లేమ్ గ్రెయిన్. మీరు ‘మంటల్లా’ అని రాసింది దీన్నే అయ్యుండాలి. కోసేవాడు గడ్డను సరిగ్గా తిప్పి పట్టుకోవాలి, నార మధ్యలో వంకర తిరగకూడదు, లోపల ఇసుక గుంటలు తగలకూడదు. అన్నీ కుదిరి నలువైపులా నిలువు చారలు రావడం చాలా అరుదు. మంచి గిన్నె చేతికొచ్చిందనుకునే సమయానికి చివరి అర మిల్లీమీటరులో ఒక గుంట బయటపడవచ్చు.

ఒక తేలిక పరీక్ష చెబుతాను. గిన్నె పక్కల నిలువు చారలు నిజమైనవైతే, అవే నారల చివర్లు గిన్నె అంచు మీదా అడుగునా పక్షికన్ను చుక్కలుగా కనిపించాలి. పక్కన అన్ని చారలుండి అంచు మీద చుక్కల జాడే లేకపోతే రంగుతో మాయ చేశారేమోనని చూసుకోండి. అలాగే వాలు వెలుతురులో తిప్పుతూ చూస్తే చారల వరుసను తెంపుతూ చిన్న మచ్చ కనిపించవచ్చు. అది ఇసుక గుంటలో పెట్టిన లప్పం. పేరున్న ఇంగ్లిష్ కంపెనీలు లప్పం పెట్టాల్సి వచ్చిన గిన్నెలను తమ మొదటి రకం కింద అమ్మేవి కావు, వేరే పేరుతో రెండో రకంగా పంపేవి.

చారలు నిలువుగా ఉన్నంత మాత్రాన పైపు పనితనం పెరగదు. ధర పెరిగేది అందం వల్ల, అరుదుగా దొరకడం వల్ల. చారలు గజిబిజిగా ఉన్న కర్రను ఇసుకతో కొట్టించి మెత్తటి నారను తొలిచేస్తే గట్టి నార గట్లు గట్లుగా తేలుతుంది. డన్‌హిల్ వాళ్లు 1917 నాటి పేటెంట్‌తో చేసిన ‘షెల్’ రకం అదే. చేత్తో తడిమితే కర్ర వయసు వేళ్లకు తెలుస్తున్నట్టు ఉంటుంది. నన్నడిగితే మామూలు స్ట్రెయిట్ గ్రెయిన్ కన్నా లోతుగా తేలిన పాత షెల్ ఎక్కువ ఇష్టం.

మీరు చూసిన డన్‌హిల్‌ను ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచి, 1910లో సొంత పైపులు మొదలుపెట్టారు. స్టెమ్ మీది తెల్ల చుక్క, స్టెమ్ ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికి పెట్టిన గుర్తు. అదే తర్వాత ప్రపంచమంతా గుర్తుపట్టే ముద్ర అయింది. స్ట్రెయిట్ గ్రెయిన్ పైపులు వాళ్లలో అన్నిటికన్నా పై రకం, ‘డీఆర్’ అని వేసి, చారల నాణ్యతను బట్టి ఇంకో అక్షరం వేసేవారు. గిరాకీ ఎక్కువ కాబట్టి మోసమూ ఎక్కువే. తెల్ల చుక్క పెట్టిన స్టెమ్‌ను వేరే గిన్నెకు తగిలించడం ఎంతసేపు? అసలు పైపులోనూ తికమక ఉంది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ పక్కన చిన్నగా 5 అని ఉంటే అది 1955 కావచ్చు, 1965 కావచ్చు. తర్వాత లెక్క 1960 నుంచే కొనసాగించారు కాబట్టి 1976 పైపు మీద 16 ఉంటుంది. వలయంలో ఉన్న సైజు అంకె, పేటెంట్ నంబరు, అంకె వేసిన తీరు, ఇవన్నీ కలిపి చదవడం కొన్ని డజన్ల పైపులు చూశాకే వస్తుంది. మొదటి కొనుగోలుకే అంత బరువు ఎత్తుకోవద్దు.

బదులుగా కొమాయ్ దగ్గర మొదలుపెట్టండి. సెయింట్ క్లోడ్‌లో పైపులు చేసిన కుటుంబమే అది, హెన్రీ కొమాయ్ 1879లో లండన్‌కు వచ్చి పని పెట్టారు. వాళ్ల ‘బ్లూ రిబ్యాండ్’, ‘స్పెసిమెన్ స్ట్రెయిట్ గ్రెయిన్’ చాలా ఖరీదు. ‘ట్రెడిషన్’, ‘గ్రాండ్ స్లామ్’ లాంటి మధ్యరకాల్లో మాత్రం మనసుపడే చారలు అందుబాటు ధరలో దొరుకుతాయి. పాతదో కాదో చెప్పడానికి స్టెమ్ మీది ‘సి’ అక్షరం చాలు. పాతవాటిలో అది మూడు ముక్కలు పొదిగి చేసింది. తెల్ల గుండ్రం, దానిలో నల్ల గుండ్రం, సి నోరు తెరవడానికి ఇంకో ముక్క. భూతద్దంలో అతుకులు తెలుస్తాయి. తర్వాతి కాలంలో ఒకే ముక్క వచ్చింది. ఆ తర్వాత ససీనీ చూడండి. జోయెల్ ససీనీ డన్‌హిల్ దగ్గర పనిచేసి, 1919లో సొంతంగా పెట్టుకున్నారు. స్టెమ్ మీద నాలుగు లేత నీలం చుక్కలు, ఆకారాలకు ఆష్‌ఫర్డ్, విండ్సర్ అని ఇంగ్లండ్ ఊళ్ల పేర్లు. నెలనెలా పదివేలకు ఒకటి చొప్పున కొనకండి. నాలుగైదు నెలలు కూడబెట్టి, ఈలోగా వందల ఫొటోలు చూసి, ఒక్కటి కొనండి. ఏడాదికి రెండు మంచి పైపులు చాలు.

అమ్మేవాళ్లను ఈ ఫొటోలు అడగండి: మెడకు రెండు వైపులా ముద్రలు వాలు వెలుతురులో, గిన్నె అంచు పై నుంచి, గిన్నె లోపల, స్టెమ్ తీసి దాని కొస, స్టెమ్ బిగించాక ఆ అతుకు. అతుకు దగ్గర స్టెమ్, మెడ ఒకే మట్టంలో ఉండాలి. స్టెమ్ లావుగా పొడుచుకొస్తే మెడను అరగదీశారనో, స్టెమ్ మార్చారనో అర్థం. ఫొటోలు ఇవ్వడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పోస్టేజీ కలిసి ధర బాగా పెరుగుతుంది, ముందే లెక్క వేసుకోండి. అసలు విలువే రాయమని అమ్మేవాళ్లకు చెప్పండి. ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని పాత పైపులకు ఏనుగుదంతం పొదిగి ఉంటుంది. మన దేశంలో దాని వ్యాపారం, దిగుమతి నేరం. ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి పోకండి.

తాతగారి పైపును మీరే శుభ్రం చేసుకోవచ్చు. ముందుగా ముద్రలన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి. స్టెమ్ బిగుసుకుపోతే లాగవద్దు, ఊపవద్దు. కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి, మెడను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, మెల్లగా ఒకే వైపు తిప్పుతూ తీయండి. మెడ లోపల పైపు క్లీనర్‌ను, అంటే నూలు చుట్టిన సన్న తీగను, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తోమండి, క్లీనర్ తెల్లగా వచ్చేదాకా. గిన్నెలో దూది కుక్కి, అదే స్పిరిట్‌తో తడిపి రాత్రంతా ఉంచితే పాత వాసన దూదిలోకి దిగుతుంది. స్పిరిట్ బయటి రంగు మీద పడకుండా జాగ్రత్త, మరక పడుతుంది. గిన్నె లోపలి మసిపొరను చాకుతో గీకేయకండి. కర్రను కాపాడింది ఆ పొరే. మరీ మందంగా ఉంటే కొద్దిగా పలచన చేయండి, చాలు.

ఆ ఆకుపచ్చ రంగు కర్ర జబ్బు కాదు. స్టెమ్ గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు, వల్కనైట్ అంటారు. వెలుతురుకూ గాలికీ అలా మారుతుంది. ఎండలో ఆరబెట్టినా, వేడినీళ్లలో వేసినా ఇంకా పాడవుతుంది. రెండువేల నంబరు ఉప్పు కాగితం నీళ్లతో తడిపి, ఓపికగా, ముద్ర ఉన్నచోటు వదిలేసి రుద్దండి. మెడకు ఆనే అంచు గుండ్రబడకూడదు. అంచు చుట్టూ టేపు అంటించుకోండి. కర్రకు కొద్దిగా కార్నూబా మైనం, చేత్తో, మెత్తటి గుడ్డతో. ఇంట్లో పెద్దవాళ్లు కొబ్బరినూనె రాయమంటారు, రాయకండి. కర్ర పీల్చుకుని కొన్నాళ్లకు కంపు కొడుతుంది. వెండి పట్టీని కంసాలి దగ్గరికి తీసుకెళ్లొద్దు, గుడ్డతో తుడిస్తే చాలు. గుర్తుల లోయల్లోని నలుపు అలాగే ఉంటే అక్షరాలు బాగా కనిపిస్తాయి. కిటికీ ఎండ తగలని అద్దాల బీరువాలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు, వానాకాలంలో బూజు పడుతుంది.

మీ ఆవిడ భయం గురించి. ఆమె చెప్పింది తీసిపారేసే మాట కాదు. పైపు పొగను గుండెల దాకా పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని కొందరంటారు. అది నిజం కాదు. నోటికి, నాలుకకు, గొంతుకు క్యాన్సర్ తెచ్చే పొగే అది. నా దగ్గరున్న పైపుల్లో ఒక్కటీ నేను వెలిగించను. మీరు కూడా ‘ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూద్దాం’ అన్న ఆ ఒక్కసారికి చోటివ్వొద్దు. ఇంట్లో పొగాకు అనేదే ఉండకూడదని మీ ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఆ మాట ఆమె అడగకముందే మీరే అనండి. శుభ్రం చేసేటప్పుడు ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మసి తుడుస్తుంటే ఒక్కో చార బయటపడడం చూస్తే ఆమెకూ ఇష్టం కలగవచ్చు. కలగకపోయినా ఫరవాలేదు, బీరువాలో ఒక అర అడగండి, రెండు అడగకండి.

మీ ఉత్తరంలో నన్ను కదిలించింది చీరాల. 1920ల్లో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు మొదలయ్యాక అక్కడి ఆకు ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లేది. ఆ లెక్కలు రాసిన చేతుల్లో మీ తాతగారివీ ఉన్నాయన్నమాట. ఆకు అటు వెళ్తే పైపు ఇటు వచ్చింది. నాన్నగారికి గుర్తున్నదంతా, ఆ దొర పేరు, ఏ ఏడాది వెళ్లాడు, తాతగారు ఎప్పుడైనా వెలిగించారా, అన్నీ ఈ వారమే ఒక కాగితం మీద రాయించి పైపుతోబాటు పెట్టండి.

పట్టీ మీది సంవత్సరపు అక్షరానికి ఒక దగ్గరి ఫొటో నాకు పంపండి. అక్షరం ఒక్కటే రాసి పంపితే కుదరదు. అవే అక్షరాలు కొన్నేళ్లకోసారి తిరిగి వస్తాయి, వాటి వంపును బట్టి, చుట్టూ ఉన్న డాలు ఆకారాన్ని బట్టే ఏడాది తేలుతుంది. ఫ్లాష్ వేయకుండా, పొద్దున్న కిటికీ దగ్గర, పైపును కొంచెం ఏటవాలుగా పట్టుకుని తీయండి.